గ్రీన్‌కార్డు ఒక్కపొద్దు

నాకు షుగర్ వచ్చిందని తెలిసిన రోజు మా ఆయన అడిగిన మొట్టమొదటి ప్రశ్న, "మరి శనివారాలు?" అని.

ఎలా ఉంది, భయం వేసిందా, డాక్టర్ ఏమంది, మాత్రలా ఇంజెక్షన్లా, ఇవేవీ కాదు. ల్యాప్‌టాప్ మీంచి తలెత్తి, కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, ఆఫీసులో ఎవరో ఉన్నట్టుండి సెలవు పెడతానంటే అడిగినట్టు అడిగారు. మనిషి చెడ్డవాడు కాదు. మిగతా ప్రశ్నలన్నీ తర్వాత అడిగారు, ఆ సాయంత్రమే నాకు వాకింగ్ షూస్ కూడా ఆర్డర్ చేశారు. కానీ మొదటిది మొదటిదే. అది నాకు ఇప్పటికీ గొంతు దిగలేదు.

శనివారాల సంగతి చెప్పాలి. మేం ఉండేది అమెరికాలో, బెంటన్‌విల్‌లో. ఊరంతా ఒక పెద్ద కంపెనీ చుట్టూ తిరుగుతుంది, మా ఆయన అందులో కాంట్రాక్టరు. మా అమ్మాయి అప్పుడే మాటలు నేర్చుకుంటున్న వయసులో వచ్చాం. వచ్చిన కొన్నాళ్ళకి గ్రీన్‌కార్డుకి అప్లై చేశాం. ఆ వారమే మా అత్తగారు వీడియో కాల్‌లో, దేవుడి మందసం ముందు పీట వేసుకుని కూర్చుని, "వెంకటేశ్వరస్వామికి మొక్కుకో అమ్మాయ్. కార్డు చేతికొచ్చేదాకా శనివారాలు ఒక్కపొద్దు ఉంటానని. నేనే ఉందును గాని, నాకు ఈ షుగరొకటి ఏడిసింది కదా" అన్నారు. మహా అయితే మూడు నాలుగేళ్ళు అనుకున్నాం. పసుపు గుడ్డలో రూపాయి కట్టబోతే ఇంట్లో రూపాయి బిళ్ళ లేదు. క్వార్టర్, అదే పావు డాలరు బిళ్ళ, కట్టి దేవుడి అరలో పెట్టాను.

ఒక్కపొద్దంటే తెలియనిదేం కాదు. పొద్దంతా కాఫీ మంచినీళ్ళతో గడిపి, సాయంత్రం దీపం పెట్టాక ఒక్కసారి ఫలహారం తినడం. మా అమ్మ ఉండేది, మా పిన్ని ఉండేది. పిల్ల పెళ్ళి కుదిరేదాకా అనో, పిల్లాడు ఇంటర్ గట్టెక్కేదాకా అనో మొక్కుకునేవాళ్ళు. అవన్నీ ఏదో ఒకనాటికి తేలే వ్యవహారాలు. పెళ్ళి కుదురుతుంది, లేదా పిల్ల తనకి నచ్చినవాణ్ణి చేసుకుంటుంది. పిల్లాడు పాసవుతాడు, లేదా చదువు మానేసి కొట్టు పెట్టుకుంటాడు. ఎటు తేలినా మొక్కు తీరిపోతుంది, మనిషి అన్నం తింటుంది. అమెరికా వాళ్ళిచ్చే కార్డు మీద ఒక్కపొద్దు మొక్కుకునే తెలివి మాత్రం మాలాంటివాళ్ళకే చెల్లింది.

ఇండియాలో పుట్టినవాళ్ళ క్యూ వేరు. ప్రతి నెలా గవర్నమెంటు ఒక బులెటిన్ వేస్తుంది. ఏ తేదీ దాకా అప్లై చేసినవాళ్ళకి కార్డులు ఇస్తున్నారో అందులో ఉంటుంది. ఆ తేదీ ఒక నెల కాస్త ముందుకి జరుగుతుంది, కొన్ని నెలలు కదలదు, ఒక్కోసారి ఏకంగా వెనక్కి పోతుంది. వెనక్కి పోయే క్యూని నేను ఇంకెక్కడా చూడలేదు. రేషన్ షాపులో కూడా సరుకైపోయిందని షట్టర్ దించుతారు గాని, నిలబడ్డవాళ్ళని వీధి చివరికి నెట్టరు. అయినా ప్రతి నెలా మా ఆయన ఆ బులెటిన్ కోసం చూస్తూనే ఉంటారు, ప్రతి శనివారం నేను పస్తు ఉంటూనే ఉన్నాను.

అసలు భయం మా అమ్మాయిది. అది హైదరాబాదులో పుట్టింది. ఇరవై ఒకటి నిండేలోపు కార్డు రాకపోతే మా అప్లికేషన్‌లోంచి దాన్ని తీసేస్తారు. ఊహ తెలిసినప్పటినుంచి పెరిగిన ఊళ్ళోనే స్టూడెంట్ వీసా పట్టుకుని పరాయిదానిలా ఉండాలి, లేదంటే సర్దుకుని వెళ్ళిపోవాలి. ఎక్కడికి వెళ్తుంది? దానికి తెలుగు చదవడం కూడా రాదు. అందుకని మొక్కు మానేద్దామన్న మాట నా నోటిదాకా వచ్చేది కాదు. మానేసిన నెలలోనే ఏదైనా అడ్డం తిరిగితే అది నా వల్లే అంటారని నాకు తెలుసు. ఎవరూ అనకపోయినా నేనే అనుకుంటాను.

అత్తసొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. మా ఇంట్లో కోడలి కడుపుని అత్తగారు దానం చేశారు. శనివారం మధ్యాహ్నం మా ఆయన పప్పూ, వేపుడూ, గడ్డపెరుగూ వేసుకుని శుభ్రంగా తినేవారు. నేనే వండి, నేనే వడ్డించి, ఉప్పు సరిపోయిందా అని అడిగేదాన్ని. సాయంత్రం దీపం పెట్టాక ఆకలి మీద ఉప్మా, అరటిపళ్ళు, చక్కెర పొంగలి ఎంత తినేదాన్నో నాకే తెలిసేది కాదు. గుడిలో కనిపించిన వాళ్ళు, ఎంత నిష్ఠండీ మీది అనేవారు. ఆ మాటకి కొంత పొంగిపోయేదాన్ని కూడా.

నిరుడు దాహం మొదలైంది. నీరసం. రోడ్డు మీద బోర్డులు మసగ్గా కనిపిస్తుంటే కళ్ళజోడు మార్చాలేమో అనుకున్నాను. ఏడాదికోసారి చేసే రక్తపరీక్షలో అసలు సంగతి బయటపడింది. డాక్టర్ ఒక పెద్దావిడ, నెమ్మదైన మనిషి. సోడాలు తాగుతావా అంది, లేదన్నాను. డోనట్లు? లేదు. కేకులు? ఎవరి పుట్టినరోజుకో ఒక ముక్క. మరేం తింటావంది. అన్నం అన్నాను. ఎంత అంటే చెప్పలేకపోయాను. అన్నం కొలుచుకుని ఎవరు తింటారు? కడుపు నిండితే లేస్తాం. పిడికెడు తినమంది. నా పిడికిలి ఎత్తి చూపిస్తే, అంతకన్నా కాస్త తక్కువే అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

తర్వాత డైటీషియన్ ఒక కంచం బొమ్మ ఇచ్చింది. సగం పచ్చి ఆకులు, పావు చికెను, పావు అన్నమో రొట్టో. మరి పప్పు ఎక్కడ పెట్టాలని అడిగాను. ఆ పిల్ల బొమ్మ వైపు చూసింది, కంప్యూటర్ వైపు చూసింది, పప్పు చికెన్ వైపుకీ వస్తుంది, అన్నం వైపుకీ వస్తుంది అంది. చిన్నప్పటినుంచి మాకు ఆరోగ్యమని చెప్పి పెట్టిన తిండికి ఆ బొమ్మలో ఒక చోటంటూ లేదు. కార్లో కూర్చుని ఆ కాగితం చూసి ఏడ్చాను. మా నాన్నకి షుగరుంది, మా పెద్దనాన్నకి ఉంది, అది మా ఇంట్లో ఉన్నదేనని తెలుసు. కానీ వాళ్ళకి జుట్టు నెరిశాక వచ్చింది. నా కూతురింకా స్కూల్లో ఉంది. నేనేం తప్పు చేశానని ఒళ్ళు మండిపోయింది.

ఆ మంటలో ఆజ్యం పోయడానికి మా వాళ్ళు ఉండనే ఉన్నారు. ఎవరింట్లోనో పాట్‌లక్‌లో, తలా ఒక వంటకం పట్టుకెళ్ళే విందులో, నేను స్వీటు వద్దన్నానో లేదో, ఇల్లంతా తెలిసిపోయింది. అయ్యో, మీరు సన్నగానే ఉంటారు కదండీ అని ఒకావిడ, కాకరకాయ రసం తాగండి అని ఒకావిడ, మెంతులు నానబెట్టండి అని ఇంకొకావిడ. ఒకాయన మిర్చి బజ్జీ చేత్తో పట్టుకుని నాకు కీటో డైట్ గురించి ఉపన్యాసం ఇచ్చాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఇంటికొచ్చాక వేలు గుచ్చుకుని చూసుకుంటే, ఏమీ తినకపోయినా నంబర్ పెరిగే ఉంది.

మాత్రలు రెండు రకాలు ఇచ్చారు. అందులో ఒకటి, మనం తిన్నా తినకపోయినా షుగర్‌ని కిందికి లాగేది. డాక్టర్ రెండుసార్లు చెప్పింది, ఇది వేసుకుని తిండి మానకూడదని. శనివారాల సంగతి చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, మీ పూజారితో మాట్లాడితే మినహాయింపు ఇవ్వరా అని అడిగింది. మా మొక్కు పూజారితో కాదు, మా అత్తగారితో అని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తోచక తలూపి వచ్చేశాను.

ఇంట్లో చెబితే మా ఆయన వెంటనే ఉపాయం కనిపెట్టారు. "సింపుల్. సాటర్డే ఆ ఒక్క టాబ్లెట్ స్కిప్ చెయ్. వర్క్‌అరౌండ్."

"సాయంత్రం తిన్నాక పెరిగిపోతుందండీ."

"ఒక్క రోజే కదా. ఇన్నేళ్ళు చేశావ్, ఇప్పుడు మధ్యలో వదిలేస్తే అమ్మ ఫీలవుతుంది. నెక్స్ట్ ఇయర్ డేట్స్ మూవ్ అవుతాయంటున్నారు కూడా."

సరే అన్నాను. ఎందుకన్నానంటే నాకూ భయమే. మొక్కుని తేలిగ్గా తీసిపారేసే ధైర్యం నాకుంటే అసలు మొక్కుకునేదాన్నే కాదు. అలా కొన్ని శనివారాలు మాత్ర మానేసి పస్తున్నాను, సాయంత్రం తిని ఆదివారం పొద్దుటికి నంబర్ ఆకాశంలో చూసుకున్నాను.

తర్వాత ఒక శనివారం, పొద్దున లేస్తూనే, వారమంతా చేసే అలవాటుతో కాఫీకి ముందు ఆ మాత్ర కూడా వేసేసుకున్నాను. శనివారమని గుర్తొచ్చేసరికి అది కడుపులోకి పోయింది. ఏమవుతుందిలే, నీరసంగా ఉంటే పడుకుందాం అనుకున్నాను. మధ్యాహ్నం అమ్మాయి డ్రైవింగ్ ప్రాక్టీస్‌కి రమ్మంది. దానికి లెర్నర్ పర్మిట్ వచ్చి ఎన్నాళ్ళో కాలేదు, పక్కన లైసెన్స్ ఉన్న పెద్దవాళ్ళు ఉండాలి. వాళ్ళ నాన్న ఏదో ఆఫీసు కాల్‌లో ఉన్నారు. నేనే వెళ్ళాను.

కాసేపటికి ఏసీ గాలి మొహం మీద కొడుతుండగానే చెమటలు పట్టాయి. చేతులు వణికాయి. పెదాలు తిమ్మిరెక్కాయి. స్టాప్ సైన్ దగ్గర అమ్మాయి, "అమ్మా, లెఫ్టా రైటా?" అంది. ఆ దారి నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. మాటే నోటికి అందలేదు. వెనక కారువాడు హారన్ కొట్టాడు. "అమ్మా! సే సమ్‌థింగ్!" అని అరిచింది. నేను ఏదో అన్నాను, పొయ్యి కట్టెయ్ అన్నానట. తర్వాత అదే చెప్పింది. దానికి నన్ను చూడగానే అర్థమైపోయింది. తనంతట తనే కుడికి తిప్పి, గ్యాస్ స్టేషన్‌లో ఆపి, లోపలికి పరుగెత్తి ఆరెంజ్ జ్యూస్ తెచ్చి నా నోటికి పెట్టింది. సగం నా బట్టల మీదే పోయింది.

నేను తేరుకునేదాకా అది స్టీరింగ్ పట్టుకుని ముందుకే చూస్తూ కూర్చుంది.

"నువ్వు లంచ్ తినలేదా?" అంది.

"శనివారం కదే."

"సో? స్కిప్ ఇట్. యూ హావ్ డయబీటీస్."

"మొక్కు అది. స్కిప్ చెయ్యకూడదు."

"వాట్ ఫర్?"

ఇన్నేళ్ళూ దానికి చెప్పలేదు. అమ్మకి భక్తి, అమ్మ ఫాస్టింగ్ ఉంటుంది, అంతే దానికి తెలుసు. అబద్ధం చెప్పే ఓపిక లేక చెప్పేశాను. "గ్రీన్‌కార్డు కోసం. నీకు ట్వెంటీవన్ వచ్చేలోపు రావాలని."

అది ఖాళీ జ్యూస్ సీసాకి మూత బిగించి, విప్పి, మళ్ళీ బిగించింది. ఆఖరికి, "సో నువ్వు ఈ సీట్‌లో చచ్చిపోతే, నేను ఇక్కడ ఉండొచ్చు. దట్స్ ద డీల్?" అంది.

"పిచ్చి మాటలు మాట్లాడకు."

"నానమ్మ ఈజ్ సో రిలిజియస్. నానమ్మ ఎందుకు చెయ్యదు?"

"నానమ్మకి షుగర్ కదే. ఉపవాసాలు ఉండకూడదు."

ఆ మాట ఎంత అలవాటుగా వచ్చిందంటే, అన్నాక గాని నాకే వినపడలేదు. పెళ్ళయినప్పటినుంచి అంటున్న మాట. పండగొచ్చినా, వ్రతమొచ్చినా, అత్తయ్యగారికి షుగర్, ఆవిడకి ముందు పెట్టెయ్యండి అని అందరికీ చెప్పిన మనిషిని నేనే. ఆవిడ టైముకి తినకపోతే మా ఆయన ఇక్కడినుంచి ఫోన్ చేసి మరీ కోప్పడతారు. అమ్మాయి నా వైపు ఒకసారి చూసి, ఇంకేం అడక్కుండా కారు స్టార్ట్ చేసింది. దారి పొడుగునా నాకు కోపం కూడా రాలేదు, సిగ్గేసింది.

సంగతి విని మా ఆయన కుర్చీలో కూలబడ్డారు. ఆ సాయంత్రమే వెళ్ళి గ్లూకోజ్ బిళ్ళలు తెచ్చి, కార్లో, నా హ్యాండ్‌బ్యాగ్‌లో, మంచం పక్కన పెట్టారు. ఇక మానెయ్ అంటారని ఎదురుచూశాను. "రేపు అమ్మతో మాట్లాడదాం" అన్నారు.

"డాక్టర్ చెప్పింది చాలదా?"

"చాలదని కాదు. ఒక మాట అడిగి మానేస్తే అందరికీ మంచిది కదా."

ఆదివారం ఫోన్‌లో మా అత్తగారు నిజంగానే బాధపడ్డారు. "అయ్యో తల్లీ, కారు నువ్వు నడపట్లేదు కదా" అని కంగారుపడ్డారు. అంతా విన్నాక, "పోనీ పాలూ పళ్ళూ తీసుకుని ఉండు. మొక్కు నడిమధ్యలో వదిలెయ్యడం ఇంటికి అరిష్టం. పిల్ల విషయం కూడానూ" అన్నారు.

"మీకు షుగరని మీరు మానేశారు కదా అత్తయ్యా?" అన్నాను. నా పెళ్ళయ్యాక ఆవిడకి ఎదురు చెప్పడం అదే మొదలు.

"నాది వయసుతో వచ్చిన షుగరమ్మా," అన్నారావిడ, ఏ మాత్రం తొణక్కుండా. "నీది తిండితో వచ్చింది."

మా ఆయన పక్కనే ఉన్నారు. ఫోన్ పట్టుకుని ఉన్నది ఆయనే. అలా అనకమ్మా అంటారేమోనని ఆయన మొహంలోకి చూశాను. ఆయన స్క్రీన్ మీద ఛార్జింగ్ ఎంతుందో చూస్తున్నారు. "ఇద్దరికీ ఇచ్చే మాత్ర ఒకటే అత్తయ్యా" అని చెప్పి నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

మరుసటి శనివారం పొద్దున పెసరట్టు పోసుకున్నాను. అల్లం, పచ్చిమిర్చి వేసి, నూనె తక్కువ. దేవుడి అర ముందు నిలబడి, స్వామీ, నాకు బతకాలనుంది, ఇంతకన్నా చెప్పలేను అన్నాను. ధైర్యంగా తిన్నానంటే అబద్ధం. ప్రతి ముద్దకీ అమ్మాయి మొహం గుర్తొచ్చింది. అదేమో ఎదురుగా కూర్చుని పాలల్లో కార్న్‌ఫ్లేక్స్ తింటూ, వాళ్ళ నాన్నతో, "డాడ్, యూ డూ ఇట్ దెన్. నువ్వు హెల్దీ కదా" అంది.

మాట పడ్డాక తప్పుతుందా, మా ఆయన ఆ రోజు ఒక్కపొద్దు పట్టారు. పదకొండింటికి తలనొప్పన్నారు. పన్నెండింటికి ఏదో వస్తువు కనపడలేదని అమ్మాయి మీద కేకలేశారు. ఒంటిగంటకి, నాకు గ్యాస్ట్రిక్ ట్రబుల్ కదా, మగవాళ్ళ బాడీ వేరు అని కంచం ముందు కూర్చున్నారు. మొక్కుని మార్చారు కూడా. శనివారాలు మాంసం ముట్టనని. మా ఇంట్లో శనివారం మాంసం ఎప్పుడూ వండలేదు. అయినా మా అత్తగారు, "నా బిడ్డ ఎంత కష్టపడుతున్నాడో" అని పొంగిపోయారు.

అలా కొన్ని వారాలు గడిచాయి. అన్నం తగ్గింది, నడక పెరిగింది, వేలు గుచ్చుకోవడం పళ్ళు తోముకోవడంలా అలవాటైంది. ఈసారి వెళ్తే డాక్టర్ రిపోర్టు చూసి, వెరీ గుడ్ అని నా చెయ్యి పట్టుకుంది. అంతలో బులెటిన్ వచ్చింది. తేదీ వెనక్కి పోయింది. కాస్తా కూస్తా కాదు, మేం జరిగొచ్చిన దూరంలో చాలా భాగం పోయింది.

శనివారం పొద్దున ముగ్గురం టేబుల్ దగ్గర ఉన్నాం. మా ఆయన ఫోన్‌లో ఆ తేదీ మళ్ళీ చూసి, తలెత్తారు. నా వైపు చూడలేదు. నా కంచం వైపు చూశారు. అందులో పెసరట్టు సగం ఉంది.

"అనండి" అన్నాను.

"ఏంటి?"

"తేదీ వెనక్కి పోయింది నీ వల్ల కాదు అని అనండి. పిల్ల ముందు ఒక్కసారి అనండి చాలు."

ఆయన చదువుకున్న మనిషి. ఏ దేశానికి ఎన్ని కార్డులిస్తారో, తేదీ ఎందుకు వెనక్కి పోతుందో బోర్డు మీద గీసి ఊళ్ళో అందరికీ చెప్పేది ఆయనే. ఆ మాట అనడానికి ఆయన దేవుణ్ణి కాదనక్కర్లేదు, అమ్మని కాదనక్కర్లేదు. నోరు తెరిచారు కూడా. అమ్మాయి స్పూను కింద పెట్టి వాళ్ళ నాన్న మొహమే చూస్తోంది.

"నేనేమన్నా అన్నానా ఇప్పుడు?" అన్నారు.

అమ్మాయి లేచి తన గిన్నె సింకులో పడేసి పైకి వెళ్ళిపోయింది. నేను మిగిలిన సగం తిన్నాను. చల్లారి రబ్బరులా అయింది, అయినా తిన్నాను.

అప్పటినుంచి శనివారం పొద్దున నేను టిఫిన్‌కి కూర్చునే వేళకి మా ఆయన కారు కడగడానికి బయటికి వెళ్తున్నారు. చలికాలంలో కూడా వెళ్ళారు. వంటింటి కిటికీలోంచి కనిపిస్తారు, ఇంటికి వీపు పెట్టి, కడిగిన అద్దమే మళ్ళీ కడుగుతూ. నేను కంచం ఖాళీ చేసి, గిన్నెలు సర్దిన చప్పుడు వినిపించాకే లోపలికి వస్తారు.